ధ్రువపత్రపు హెచ్చరిక: దాని పూర్వకథ

కంప్యూటరు గాని, చేతిఫోను గాని గల ప్రతి గృహమందును ఎప్పుడో ఒకప్పుడు ఎదురగు చిక్కు ఒకటి కలదు. విద్యుత్తు బిల్లు చెల్లించుటకో, రైలు టిక్కెట్టు కొనుటకో కూర్చుండగా, కోరిన పుటకు మారుగా బ్రౌజరు ఒక హెచ్చరికను తెచ్చి ముందు నిలుపును. మీ కనెక్షను గోప్యముగా లేదనియో, ఈ సైటు ధ్రువపత్రము చెల్లదనియో అందు వ్రాసియుండును. అట్టడుగున, చిన్న అక్షరములలో, అయినను ముందుకు సాగదలచినవారికి ఒక సందు వదలియుండును. ఇంటిలోని పిన్నలు ఆ సందున దూరి పోవుదురు. పెద్దలు యంత్రము చెడినదని మూసివేయుదురు. హెచ్చరికను చదువువారు మాత్రము ఇరుపక్షములందును అరుదు. ఆ హెచ్చరిక చెప్పు మాట యేమి, అట్లు చెప్పుటకు దానికి అధికారమెక్కడిది, దానిని ఒకడు లక్ష్యపెట్టుట వలన ఏమి జరిగినది అను విషయములను ఇచట మనవిచేయుదుము.

దూరమున నున్నవాడు తాను చెప్పుకొనుచున్నవాడే యగునా అను శంక క్రొత్తది కాదు. లంకలో సీతాదేవికి నమ్మకము కుదుర్చుటకై హనుమంతుడు రామనామాంకితమైన ఉంగరమును చూపెను. ఆ గురుతు చెల్లుటకు కారణము సీత దానిని అంతకుముందే ఎరిగియుండుట. ఎన్నడును ముఖము చూడనివారు, ఒకరి ఉంగరము నొకరు ఎరుగనివారు, తంతిమార్గమున రహస్యము మాట్లాడుకొనవలసినచో గురుతు దేనిని చూపవలెను? 1970 దశకమున అమెరికాలోని గణితజ్ఞులకు ఎదురైన ప్రశ్న ఇదియే.

1976 నవంబరులో విట్‌ఫీల్డు డిఫీ, మార్టిన్ హెల్మను అను ఇరువురు పండితులు ఒక వ్యాసము ప్రకటించి, గూఢలిపి శాస్త్రమును తలక్రిందులు చేసిరి. అంతవరకు రహస్యలేఖ వ్రాయువాడును చదువువాడును ఒకే తాళపుచెవిని ముందుగా పంచుకొనవలసియుండెను. వీరు చూపిన మార్గమున ప్రతివానికి రెండు తాళపుచెవులు ఉండును. ఒకటి లోకమునకెల్ల చాటదగినది, రెండవది తన పెట్టెలోనే దాచుకొనదగినది. చాటిన దానితో మూసినది దాచిన దానితో తప్ప తెరువబడదు. దాచిన దానితో వేసిన ముద్రను చాటిన దానితో ఎవరైనను సరిచూడవచ్చును. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఈ చాటిన తాళపుచెవి ఫలానావానిదేయని చెప్పువారెవరు? అందరి తాళపుచెవులను ఒక బహిరంగపు పట్టికలో, టెలిఫోను డైరెక్టరీవలె, ఉంచవచ్చునని డిఫీ హెల్మనులు సూచించిరి. ప్రతి సంభాషణకు ముందు లోకమంతయు ఒకే పట్టికను పోయి అడుగవలసియుండుట అందలి చిక్కు.

ఈ చిక్కును విప్పినవాడు పేరుమోసిన ఆచార్యుడు కాడు. మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున పట్టభద్రుడు కాబోవుచున్న లోరెన్ కోన్‌ఫెల్డరు అను విద్యార్థి. 1978 మే నెలలో ఆయన సమర్పించిన సిద్ధాంతవ్యాసమున ఉపాయము మిక్కిలి సులభముగ నున్నది. పట్టికను మాటిమాటికి అడుగనేల? పట్టికలోని ఒక్కొక్క పంక్తిని వేరుచేసి, దానిపై పట్టిక అధికారి ముద్ర వేసి, ఆ పంక్తి ఎవరిదో వారికే ఇచ్చివేసిన సరిపోవును. వారు దానిని వెంటబెట్టుకొని, అడిగినవారికి చూపుదురు. ఆ పంక్తికి ఆయన సర్టిఫికెట్టు అని పేరుపెట్టెను. మనము ధ్రువపత్రమనుచున్నది అదియే. నేడు బ్రౌజరు అడ్డగించి చదువుచున్న పత్రము ఆ విద్యార్థి ఊహకు సాక్షాత్తు సంతానము.

మన గ్రామములలో భూమి చేతులు మారునప్పుడు జరుగు వ్యవహారమును తలచుకొన్నచో ఇది బోధపడును. కొనువాడు అమ్మువానిని ఎరుగకపోవచ్చును. సాక్షుల చేవ్రాళ్లు చూచును. సాక్షులను ఎరుగకపోయినను రిజిస్ట్రారు ముద్రను చూచును. రిజిస్ట్రారును నియమించిన ప్రభుత్వము నెరుగును. ఎక్కడనో ఒకచోట ఈ నమ్మకపు గొలుసు ఆగవలెను గదా. ధ్రువపత్రముల గొలుసు ఆగుచోటు ఏదనగా, బ్రౌజరులోనో, యంత్రపు నిర్వహణ వ్యవస్థలోనో దాని నిర్మాతలు ముందుగానే పొందుపరచిన ఒక జాబితా. దానిని మూలపత్రముల జాబితా యందుము. అందు పేరున్న సంస్థ గాని, ఆ సంస్థ అధికారమిచ్చిన ఉపసంస్థ గాని ముద్రవేసిన పత్రము చెల్లును. తక్కినది చెల్లదు. ఆ జాబితాలో ఎవరిని చేర్చవలెనని ఇంటి యజమానిని అడిగినవారు లేరు. అయినను ఆయన బ్యాంకు ఖాతా దానిపైననే ఆధారపడియున్నది. ఈ మాట పలువురు శ్రోతలకు క్రొత్తగా తోచవచ్చును.

ఈ పత్రమునకు ఒక నిర్ణీత రూపము 1988లో ఏర్పడెను. అంతర్జాతీయ తంతివార్తా సంఘము దానికి ఎక్స్ 509 అను సంఖ్యను పెట్టెను. 1995లో నెట్‌స్కేపు కంపెనీ తన బ్రౌజరున గూఢలిపి సంభాషణకు ఎస్‌ఎస్‌ఎల్ అను పద్ధతిని ప్రవేశపెట్టగా, ఆ సంవత్సరమే వెరిసైను అను సంస్థ ధ్రువపత్రములను విక్రయించుటకు వెలసెను. ఆ విధముగా విశ్వాసము కూడ ఒక సరకైనది. సరకైన పిదప అగ్గువ సగ్గువలు, అజాగ్రత్తలు తప్పవు. 2001 జనవరి చివర, మైక్రోసాఫ్టు ఉద్యోగినని చెప్పుకొన్న ఒక మోసగానికి వెరిసైను సంస్థ మైక్రోసాఫ్టు పేర రెండు ధ్రువపత్రములు ఇచ్చివేసెను. అవి వెబ్‌సైటుల కొరకు గాక ప్రోగ్రాములపై ముద్రవేయుటకు ఉద్దేశింపబడినవి. లోకము మార్చి నెలలో గాని ఈ సంగతి ఎరుగదు. దాని వలన గొప్ప నష్టము జరిగినట్లు వినబడలేదు గనుక, కొన్నాళ్లకు అందరును మరచిరి.

మరువరానిది హాలెండు దేశమున జరిగినది. దానిని కొంత విపులముగా చెప్పవలసియున్నది.

బేవర్‌వైక్ అను పట్టణమున డిజినోటార్ అను ధ్రువీకరణ సంస్థ యుండెను. 1998లో ఆ దేశపు నోటరీల వృత్తిసంఘపు తోడ్పాటుతో పుట్టినది గనుక దానికా పేరు వచ్చెను. నోటరీ యనగా దస్తావేజులకు ప్రామాణ్యమిచ్చు న్యాయవేత్త. సర్కారు వెబ్‌సైటులలో అనేకము ఈ సంస్థ పత్రములతోనే నడచుచుండెను. 2011 జూన్ నడిమి భాగమున ఎవడో దూరదేశమునుండి దాని యంత్రములలో ప్రవేశించెను. జూలై 10వ తేదీన ఆ సంస్థ ముద్రతోనే గూగుల్ పేర ఒక దొంగ ధ్రువపత్రము పుట్టెను. విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకమున రాక్షసమంత్రి ముద్రిక చాణక్యుని చేత పడినది. ఆ ముద్రిక వేసిన లేఖను చూచి, అది రాక్షసుడు పంపినదేయని మలయకేతువు నమ్మెను. ముద్ర నిజమైనదే, వేసిన చేయి వేరు. డిజినోటార్ విషయమునను జరిగినది అచ్చముగ అదియే. దొంగ సృష్టించిన పత్రములు మొత్తము 531 అని తరువాత లెక్క తేలెను.

జూలై 19వ తేదీకే సంస్థవారు చొరబాటును కనుగొనిరి. తమకు కనబడిన దొంగపత్రములను రద్దుచేసిరి. కాని నోరు మెదపలేదు. బ్రౌజరులను నిర్మించువారికి గాని, తమ ప్రభుత్వమునకు గాని తెలుపలేదు. అపకీర్తికి వెరచి యుందురని మా ఊహ. గూగుల్ పేరున్న పత్రము వారి రద్దు జాబితాకు ఎక్కనేలేదు. అది ఆగస్టు 4వ తేదీ మొదలు ఇరాన్ దేశమున పని ప్రారంభించెను. అచట తమ జీమెయిల్ ఉత్తరములను తెరచుచున్నవారు గూగుల్‌తో మాట్లాడుచుంటిమని తలచుచుండగా, నడుమ మరియొకడు కూర్చుండి గూగుల్ వేషమున వారిని పలుకరించుచుండెను. బ్రౌజరులో తాళపు బొమ్మ యథావిధిగ వెలుగుచునే యుండెను. హెచ్చరిక లేదు. పత్రమున పేరు సరి, తేదీ సరి, ముద్ర సరి. ఉత్తరములకై ప్రాణములు పోగొట్టుకొను అవకాశము గల దేశమున ఇది ఎంతటి ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే ఒక బ్రౌజరు మాత్రము మోసపోలేదు. ఆ వేసవిలోనే గూగుల్ తన క్రోమ్ బ్రౌజరునకు ఒక అదనపు పాఠము నేర్పియుండెను. లోకములో ఎందరు ధ్రువీకరణాధికారులున్నను, గూగుల్ సొంత సైటులకు ఫలానా కొలదిమంది ముద్రయే చెల్లునని అందు గురుతుంచిరి. ఆగస్టు నెలాఖరున ఇరాన్‌లోని ఒక సామాన్యుడు క్రోమ్‌తో జీమెయిల్ తెరువబోగా హెచ్చరిక అడ్డువచ్చెను. ఆయన దానిని తోసిపుచ్చలేదు, యంత్రము చెడినదని మూసివేయనులేదు. ఆ హెచ్చరికను, పత్రములోని వివరములను నకలుచేసి, ఇది ఏమని గూగుల్ వారి సహాయశాఖను అందరి యెదుట ప్రశ్నించెను. రెండు దినములలో, అనగా ఆగస్టు 29వ తేదీకి, దొంగపత్రము రద్దయ్యెను. వరుసగా బ్రౌజరు నిర్మాతలందరు డిజినోటార్ పేరునే తమ జాబితాలనుండి కొట్టివేసిరి.

తరువాతి కథ వేగముగ నడచినది. సెప్టెంబరు 3వ తేదీ, అర్ధరాత్రి దాటిన పిమ్మట, హాలెండు హోంమంత్రి పీట్ హైన్ డోనర్ పత్రికలవారిని పిలిచి, సర్కారు వెబ్‌సైటుల భద్రతకు హామీ ఇయ్యజాలమని ప్రకటించెను. ప్రభుత్వము సంస్థ నిర్వహణను తన చేతిలోనికి తీసికొనెను. ఫాక్స్ ఐటీ అను పరిశోధకులు పరిశీలించి ఇచ్చిన నివేదిక చదివినచో ఆశ్చర్యము కలుగును. ముఖ్యమైన యంత్రములన్నియు ఒకే వ్యవస్థలో, ఒకే బలహీనమైన సంకేతపదపు అదుపున ఉండెను. సాఫ్ట్‌వేరు పాతబడియుండెను. దొంగపత్రమునకు గురియైన చిరునామాలు దాదాపు 3,00,000. అందు నూటికి 99 ఇరాన్‌వే. సెప్టెంబరు 20వ తేదీన హార్లెము న్యాయస్థానము డిజినోటార్ దివాలా తీసినట్లు తీర్పుచెప్పెను. లోకమునకు విశ్వాసమును అమ్మిన వ్యాపారము, ఆ విశ్వాసము పోయిన నెలలోపలనే మూతపడెను.

ఇందరిలో ఒక్కడే హెచ్చరికను పట్టించుకొనుటకు కారణమేమి? ఇతరుల బ్రౌజరులు మౌనముగా ఉండుట ప్రధాన కారణము. కాని క్రోమ్ వాడినవారు ఇరాన్‌లో ఆయన ఒక్కడే కాడు గదా. పులి వచ్చెనని మాటిమాటికి కేకలు వేసిన గొల్లపిల్లవాని కథ ఇచట స్ఫురింపక మానదు. నిజమునకు 2009లో కొందరు అమెరికా పరిశోధకులు ఈ హెచ్చరికలను గూర్చి వ్రాసిన వ్యాసమునకు ఆ కథ పేరే పెట్టిరి. 2013లో దేవదత్త అఖావే, ఏడ్రియన్ పోర్టర్ ఫెల్ట్ అనువారు లెక్కించి చూడగా, క్రోమ్‌లో ఇట్టి హెచ్చరిక వచ్చినప్పుడు నూటికి 70 మారులు జనులు దానిని దాటిపోవుచుండిరని తేలెను. ఫైర్‌ఫాక్సులో 33 మారులు మాత్రమే. మనుష్యులు వారే. హెచ్చరిక వ్రాసిన తీరు, దాటుటకు ఎన్ని నొక్కులు కావలెనన్నది వేరు. కనుక తప్పంతయు చదువని జనులదేయని అనుట న్యాయము కాదని మా అభిప్రాయము. తరువాతి సంవత్సరములలో హెచ్చరికల భాషను సులభముచేసిరి. తన సైటుకు గూఢలిపి తప్పనిసరియని యజమాని ముందే చాటుకొన్నచోట, 2012లో ఏర్పడిన నియమము ననుసరించి, దాటిపోవు సందునే మూసివేసిరి. కొన్ని బ్యాంకుల సైటులలో ముందుకు సాగు మార్గమే కనబడకుండుటకు కారణమిదియే.

మన దేశమునకును ఈ అనుభవము తప్పలేదు. 2000 అక్టోబరు 17న సమాచార సాంకేతిక చట్టము అమలులోనికి వచ్చి, ధ్రువీకరణాధికారులపై ఒక నియంత్రకుని ఏర్పరచెను. ఆయన అనుజ్ఞ పొందినవారిలో హైదరాబాదున రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించిన బ్యాంకింగు సాంకేతిక పరిశోధన సంస్థ యొకటి; జాతీయ సమాచార కేంద్రము మరియొకటి. 2014 జూలై 2వ తేదీన, ఆ జాతీయ కేంద్రపు ముద్రతో గూగుల్ పేర అక్రమపత్రములు పుట్టినట్లు గూగుల్ కనుగొనెను. మరునాడే నియంత్రకుడు ఆ కేంద్రపు అధికారపత్రములను రద్దుచేసెను. పత్రములిచ్చు పద్ధతిలోనికి ఎవరో చొరబడిరని విచారణలో తెలిసెను. విండోసు జాబితాలో మన నియంత్రకుని పేరుండెను గనుక ఆ యంత్రములకు ప్రమాదము కలిగినది. తన జాబితాను తానే ఉంచుకొను ఫైర్‌ఫాక్సునకు కలుగలేదు. హాలెండువారివలె నెలదినములు దాచక, ఒక్క దినములో రద్దుచేసిన మన అధికారులను మెచ్చుకొనవలెను. అయినను క్రోమ్ అప్పటినుండి మన నియంత్రకుని ముద్రను కొన్ని పేర్కొన్న భారతీయ చిరునామాలకు మాత్రమే పరిమితము చేసెను.

దొంగపత్రము పుట్టినచో దానిని ఒక సామాన్యుని కంట పడువరకు ఆగనేల అను ఆలోచనతో, 2013లో గూగుల్ ఇంజనీర్లు ఒక పద్ధతిని ప్రతిపాదించిరి. ప్రతి ధ్రువపత్రమును ఎవరైనను చదువదగిన బహిరంగపు చిట్టాలో ఎక్కించవలెను. ఎక్కినది చెరపుటకు వీలులేదు. 2018 ఏప్రిలు 30 తరువాత పుట్టిన పత్రము చిట్టాకెక్కనిచో క్రోమ్ దానిని అంగీకరింపదయ్యెను. 1976 నాటి బహిరంగపు పట్టిక నలుబది సంవత్సరములకు మరియొక రూపమున తిరిగివచ్చినదనవచ్చును. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్టు అను లాభాపేక్ష లేని సంస్థ ధ్రువపత్రములను ఉచితముగ నిచ్చుట మొదలుపెట్టగా, చిన్న సైటులకు కూడ అవి అందుబాటులోనికి వచ్చెను. మోసగాండ్ర సైటులకును వచ్చెను! పత్రము సైటు పేరునకు సాక్ష్యమిచ్చునే గాని యజమాని శీలమునకు ఇయ్యదు. తాళపు బొమ్మను చూచి జనులు సైటు మంచిదని భ్రమపడుచున్నారని గ్రహించి, 2023లో క్రోమ్ ఆ బొమ్మనే తీసివేసెను.

ఇక ఇంటిలో హెచ్చరిక వచ్చినప్పుడు చేయదగిన పని. మొదట యంత్రపు గడియారమును, తేదీని, సంవత్సరమును చూడవలెను. ఇది వినుటకు అల్పముగ తోచును. కాని 2017లో క్రోమ్ నిర్మాతలు కోట్లాది తప్పిదములను పరీక్షించి, సగమునకు మించినవి సైటుదారుల లోపములు కావనియు, చూచువారి యంత్రములవో, నడిమి కనెక్షనువో అనియు చెప్పిరి. తప్పు గడియారము వానిలో ముఖ్యమైనది. పాత కంప్యూటరులో నాణెమువంటి చిన్న బ్యాటరీ యొకటి యుండును. అది నీరసించినచో, కరెంటు పోయిన ప్రతిమారును గడియారము ఎప్పటిదో పాత సంవత్సరమునకు పోవును. అప్పుడు నిన్న పుట్టిన పత్రము యంత్రపు లెక్కలో ఇంకను పుట్టనేలేదు! అన్ని సైటులును ఒక్కసారిగా నిరాకరింపబడినచో ఇదియే కారణమని చాలవరకు నమ్మవచ్చును. తేదీని సరిచేసి, ఆ బ్యాటరీని మార్చిన చాలును.

రైల్వేస్టేషనులో, హోటలులో ఉచిత వైఫై అందుకొన్నప్పుడు హెచ్చరిక వచ్చినచో, అచటి ప్రవేశపుట మీ దారికి అడ్డువచ్చియుండవచ్చును. ఆ పుటను తెరచి అనుమతి పొందిన పిదప మరల ప్రయత్నింపవలెను. అంతకుమించి అది అడ్డుపెట్టినచో ఆ వైఫైని వదలివేయుట మేలు. కొన్ని వైరస్ నిరోధక ప్రోగ్రాములును, ఆఫీసులందలి యంత్రములును తామే నడుమ కూర్చుండి సంభాషణను పరీక్షించుచు, తమ ముద్రను చూపుచుండును. పేరు సరిపోలేదని హెచ్చరిక చెప్పినచో చిరునామాను అక్షరమక్షరముగ చదువవలెను. ఒక్క సైటునకే చిక్కు వచ్చి, పొరుగువారి ఫోనులోను అదే కనబడినచో, తప్పు ఆ సైటువారిది. వారు మేలుకొనువరకు ఆగుట తప్ప మనము చేయదగినది లేదు. పాత యంత్రములలోని మూలపత్రముల జాబితా కూడ పాతబడును. 2021 సెప్టెంబరు 30న లెట్స్ ఎన్‌క్రిప్టునకు ఆధారమైన ఒక మూలపత్రము గడువు తీరగా, నవీకరణము లేని అనేక పాత పరికరములు ఆనాడే సైటులను నిరాకరించెను. అట్టివానికి సాఫ్ట్‌వేరు నవీకరణమే మందు. ధనము చెల్లించుచోట మాత్రము, కారణము తెలియనంతవరకు, ముందుకు సాగు సందును నొక్కరాదు. బిల్లు రేపటికి ఆగిన మునిగిపోవునది లేదు.

గడువు తీరుటను మరచిపోవుట గృహస్థులకే పరిమితము కాదు. 2018 డిసెంబరు 6న ఎరిక్సన్ కంపెనీ సాఫ్ట్‌వేరులోని ఒక ధ్రువపత్రపు గడువు తీరినందున, బ్రిటనులో ఓ2 కంపెనీ వారి లక్షలాది చేతిఫోనులకు ఆనాడు ఇంటర్నెట్టు అందలేదు; జపానులోను అట్టి అంతరాయమే కలిగెను. అయినను గడువులు తగ్గుచునే యున్నవి. దొంగచేత పడిన పత్రము ఎంత త్వరగా చచ్చిన అంత మేలని నిర్మాతల వాదము. 2020 సెప్టెంబరు నుండి పత్రపు ఆయుర్దాయము 398 దినములకు మించరాదయ్యెను. 2025 ఏప్రిలులో బ్రౌజరు నిర్మాతలును ధ్రువీకరణ సంస్థలును కూడి చేసిన తీర్మానము ప్రకారము, 2026 మార్చి 15 నుండి అది 200 దినములు, మరుసటి సంవత్సరము అదే తేదీనుండి 100 దినములు, 2029 మార్చి 15 నుండి 47 దినములు. అప్పటికి ఈ పత్రములను చేతితో మార్చుట ఏ గుమాస్తాకును సాధ్యము కాదు. యంత్రమునకు యంత్రమే పత్రము మార్చవలెను.